అమెరికా అధ్యక్ష ఎన్నిక: ఏ పార్టీలోనూ లేని దళిత ఓటరు ఎవరిని, ఎలా ఎంచుకోవాలి?

2024 అమెరికా ఎన్నికలప్పుడు రెండు ఊళ్ల పేర్లు మన పత్రికల్లో, టీవీల్లో బాగా వినిపించాయి. ఒకటి తమిళనాడులోని తులసేంద్రపురం. అది కమలా హారిస్ తాతగారి ఊరు. రెండోది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. అది జె.డి. వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు. ఒక ఊరి గుడిలో ఒక పార్టీ గెలవాలని, మరో ఊరి గుడిలో ఇంకో పార్టీ గెలవాలని పూజలు జరిగాయి. రెండు చోట్లా వినిపించిన మాట 'మన అమ్మాయి'. ఆ 'మన'లో ఊరి బయట ఉన్న వాడ ఉందా అని ఎవరూ అడగలేదు.

అమెరికాలో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగు దళిత కుటుంబాలకు ఇది పెద్ద ప్రశ్నే. వీరిలో ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోనివారికి తదుపరి అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్ 7న వస్తుంది. ఎవరికి ఓటు వేయాలో ఇక్కడ మేము చెప్పడం లేదు. నిర్ణయం తీసుకునే ముందు ఏం తెలుసుకోవాలో చెబుతున్నాం.

స్వతంత్ర ఓటరు అంటే ఎవరు?

మన దేశంలో ఓటరు జాబితాలో పార్టీ పేరు ఉండదు. అమెరికాలో సుమారు 30 రాష్ట్రాల్లో ఓటరుగా నమోదయ్యేటప్పుడే డెమోక్రటిక్, రిపబ్లికన్ లేదా మరో పార్టీని ఎంచుకోవచ్చు. ఏదీ వద్దనుకున్నవారే స్వతంత్ర ఓటర్లు. గాలప్ సర్వేల్లో పదిమందిలో నలుగురికి పైగా తాము ఏ పార్టీకీ చెందమని చెబుతున్నారు.

ఈ స్వేచ్ఛకు ఒక ధర ఉంది. అభ్యర్థిని ఖరారు చేసే ప్రైమరీ ఎన్నికల్లో వీరికి అన్నిచోట్లా ఓటు ఉండదు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో పార్టీలో నమోదైనవారే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు వేయాలి. టెక్సాస్, జార్జియా, వర్జీనియాల్లో పార్టీ నమోదే లేదు. అక్కడ ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకుని ఎవరైనా ఓటు వేయవచ్చు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేని ఓటరు ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలోనే పార్టీని ఎంచుకోవచ్చు. అయితే ఆ తర్వాత ఆ పార్టీ ఓటరుగానే నమోదవుతారు.

కాలిఫోర్నియాలో మరో జాగ్రత్త అవసరం. ఏ పార్టీ వద్దనుకున్నవారు ఫారంలో 'నో పార్టీ ప్రిఫరెన్స్' గడిని ఎంచుకోవాలి. 'ఇండిపెండెంట్' అన్న మాట చూసి చాలామంది 'అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ' గడిలో టిక్ పెడుతుంటారు. అది 1967లో పుట్టిన పార్టీ. నల్లజాతివారిని వేరుగా ఉంచాలన్న జార్జ్ వాలెస్‌ను 1968లో అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టింది. అంటరానితనం అనుభవించిన కుటుంబం పేరు పొరపాటున కూడా ఆ జాబితాలో ఉండకూడదు.

అధ్యక్షుడి చేతిలో ఏముంది?

అభ్యర్థి మన గురించి ఏం మాట్లాడారన్నది రెండో సంగతి. మొదట చూడాల్సింది ఆ కుర్చీకి ఉన్న అధికారాలు.

మొదటిది న్యాయమూర్తుల నియామకం. సుప్రీంకోర్టు న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. వారు జీవితకాలం పదవిలో ఉండవచ్చు. 2023 జూన్ 29న కాలేజీ ప్రవేశాల్లో జాతిని పరిగణించే అఫర్మేటివ్ యాక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ట్రంప్ మొదటి పదవీకాలంలో నియమించిన ముగ్గురూ ఆ తీర్పు వైపే ఉన్నారు. 'మెరిట్' పేరుతో నడిచిన ఆ వాదన రిజర్వేషన్ల వ్యతిరేక ఉద్యమాలు చూసిన మనకు కొత్తది కాదు.

రెండోది కార్యనిర్వాహక ఉత్తర్వులు. ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే కంపెనీలు వివక్ష చూపకూడదని, వెనకబడ్డవారికి అవకాశాలు కల్పించాలని 1965లో జాన్సన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని 2025 జనవరి 21న ట్రంప్ ఒక్క సంతకంతో రద్దు చేశారు. చట్టసభ చేసిన చట్టమైతే అలా ఒక్క రోజులో పోదు.

మూడోది వివక్ష ఫిర్యాదులు వినే సంస్థలు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 పౌర హక్కుల చట్టం టైటిల్ 7లో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఉన్నాయి. కులం అన్న మాట లేదు. కుల వివక్షను ఈ వర్గాల్లో దేని కింద చూడాలన్నది ఆ చట్టాన్ని అమలు చేసే సమాన ఉపాధి అవకాశాల కమిషన్ వైఖరి మీద చాలావరకు ఆధారపడుతుంది. దాని ఐదుగురు సభ్యులను ప్రతిపాదించేది అధ్యక్షుడే.

నాలుగోది వలస విధానం. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించింది అధ్యక్షుడి ప్రకటనే. ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. తాతల నాటి ఆస్తి, అమెరికాలో బంధువులు ఉన్నవారు ఏదో దారి వెతుక్కుంటారు. అప్పు చేసి బిడ్డను పంపిన కుటుంబానికి ఆ దారి ఉండదు.

కులం విషయంలో రెండు పార్టీలు

డెమోక్రాట్లయితే మన పక్షమే అనుకునేవారు 2023 కాలిఫోర్నియా అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. కుల వివక్షను స్పష్టంగా నిషేధించే ఎస్‌బి 403 బిల్లును డెమోక్రటిక్ సెనేటర్ ఆయిషా వహాబ్ తెచ్చారు. కొన్ని హిందూ సంస్థలు గట్టిగా వ్యతిరేకించినా ఉభయ సభలూ ఆమోదించాయి. అక్టోబర్ 7న అదే పార్టీకి చెందిన గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. ఉన్న చట్టాలే సరిపోతాయన్నది ఆయన వాదన. బిల్లు కోసం నిరాహార దీక్ష చేసిన కార్యకర్తలకు దక్కిన జవాబు అది.

అదే ఏడాది ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరం సియాటిల్. ఆ తీర్మానం తెచ్చిన క్షమా సావంత్ రెండు పెద్ద పార్టీల్లోనూ లేని సోషలిస్టు. సిస్కోలో దళిత ఇంజనీరు పట్ల వివక్ష జరిగిందని 2020లో కేసు వేసింది కాలిఫోర్నియా రాష్ట్ర సంస్థ. అంటే కులం మీద ఇప్పటిదాకా వచ్చిన కదలిక ఎక్కువగా నగరం, రాష్ట్రం, యూనివర్సిటీ స్థాయిల్లోనిదే. చాలా రాష్ట్రాల్లో అధ్యక్షుడికి ఓటేసే బ్యాలెట్‌లోనే కింద రాష్ట్ర చట్టసభ అభ్యర్థులు, చాలాచోట్ల స్థానిక పదవుల అభ్యర్థులు కూడా ఉంటారు. పై పేరు దగ్గరే ఆగిపోతే మనకు దగ్గరగా ఉన్న అధికారాన్ని వదిలేసినట్టే.

మూడో అభ్యర్థికి వేయవచ్చా?

రెండు పార్టీలూ నచ్చనప్పుడు మూడో అభ్యర్థి వైపు మనసు పోతుంది. అది తప్పు కాదు, కానీ ఏ రాష్ట్రంలో ఉన్నామో చూసుకోవాలి. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 వచ్చినవారు గెలుస్తారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికే ఆ రాష్ట్రం మొత్తం పోతుంది. కాలిఫోర్నియాలో ఫలితం ఎటో ముందే అంచనా వేయవచ్చు. అక్కడ మూడో అభ్యర్థికి వేసే ఓటు నిరసనను లెక్కలోకి తెస్తుంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న అట్లాంటా శివార్లలో లెక్క వేరు. 2020లో జార్జియా ఫలితం 12 వేల లోపు ఓట్లతో తేలింది. 2000లో ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లే. అక్కడ గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు 97 వేలకు పైగా ఓట్లు వచ్చాయి.

అభ్యర్థి ముందు పెట్టాల్సిన ప్రశ్నలు

* కులాన్ని పౌర హక్కుల చట్టంలో స్పష్టంగా చేర్చడానికి ఒప్పుకుంటారా? గతంలో అలాంటి బిల్లు వచ్చినప్పుడు ఏ వైపు నిలబడ్డారు?
* ఎలాంటి న్యాయమూర్తులను నియమిస్తారు?
* వివక్ష ఫిర్యాదులు వినే సంస్థలను బలపరుస్తారా, ఖాళీ చేస్తారా?
* నల్లజాతివారి ఓటు హక్కు మీద వైఖరి ఏమిటి? మనవాళ్లకు అమెరికా తలుపు తెరిచిన 1965 వలస చట్టం వారి పౌర హక్కుల పోరాటం తెచ్చిన వాతావరణంలోనే వచ్చింది.
* భారతీయుల సభల్లో ఎవరి పక్కన నిలబడతారు? అంబేడ్కరైట్ సంఘాలు పిలిస్తే వస్తారా?

ఈ జాబితాలో పుట్టిన ఊరు, ఇంటిపేరు, వంటింట్లో వండే కూర లేవు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించారు. 'మన అమ్మాయి', 'మన అల్లుడు' అంటూ వేసే ఓటు కూడా భక్తే.

విద్యార్థులకు చివరిగా ఒక మాట. ఓటు పౌరులకే. ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నవారికి, గ్రీన్ కార్డు వచ్చినవారికి అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో పొరపాటున ఓటరుగా నమోదైనా చిక్కుల్లో పడతారు. ఓటే వేస్తే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంది. అయినా చేయగల పని చాలా ఉంది. అభ్యర్థుల రికార్డు సేకరించి, తెలుగులో రాసి, ఓటున్న అన్నలకూ అక్కలకూ అందించవచ్చు. పై ప్రశ్నలు ఓటున్నవారి నోట అభ్యర్థి దాకా చేరితే, 'ఇండియన్ ఓటు' అన్న మూటలో ఇన్నాళ్లూ కనబడకుండా పోయిన దళిత ఓటు విడిగా లెక్కకు వస్తుంది.