పాట నిలిచేది ఎవరి గొంతులో?



ఈ పూట మీ ముందు ఒక ప్రశ్న ఉంచుతాను. ఇవాళ మనం వింటున్న గాయకుల్లో, పాటలకు బాణీలు కట్టే వాళ్లలో, ఇంకో యాభై అరవై ఏళ్లకు ఎవరి పేరు నిలుస్తుంది? పావగడలో ఏ టీ అంగడి దగ్గరైనా ఈ మాట ఎత్తి చూడండి. గంటసేపు వాదన నడుస్తుంది. ఒకరు బాలసుబ్రహ్మణ్యం గారంటారు. ఇంకొకరు 2023లో ఆస్కార్ తెచ్చిన కీరవాణి అంటారు. పక్కనున్న పెద్దాయన, రాజ్‌కుమార్ పాటను మించిన పాట ఏదప్పా అని కన్నడంలో అడుగుతారు. అన్నీ మన పాటలే. మన తాలూకా అలాంటిది. మూడు దిక్కులా ఆంధ్ర నేల. జిల్లా కేంద్రమైన తుమకూరుకు పోవాలన్నా మధుగిరి దారిలో కొంత దూరం ఆంధ్ర దాటి పోవలసిందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పాటకు మాత్రం ఏ చెక్‌పోస్టూ లేదు.

రేపటి సంగతి చెప్పడానికి నేను జోస్యుణ్ణి కాను. అయితే ఇదివరకు ఎవరు నిలిచారు, ఎందుకు నిలిచారు అని వెనక్కి తిరిగి చూడవచ్చు. చూస్తే రేపటి దారి కొంత తెలుస్తుంది.

ముందుగా ఒక భ్రమ తీసేసుకుందాం. రికార్డు ఉంటే పేరు నిలుస్తుందని మనం అనుకుంటాం. మన దేశంలో గ్రామఫోను కోసం పాటలు పట్టడం 1902లో మొదలైంది. ఆ తరువాత ఎన్ని ప్లేట్లు వచ్చాయో, ఎంతమంది పాడారో! వాళ్లలో ఎందరి పేర్లు మీకూ నాకూ గుర్తున్నాయి? గొంతు ప్లేటులో భద్రంగానే ఉంది. వినేవాళ్లు లేరు, అంతే.

బెంగళూరు నాగరత్నమ్మ గారి సంగతి చూడండి. 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టారు. మైసూరులో, బెంగళూరులో, మద్రాసులో గొప్ప పేరు సంపాదించారు. గ్రామఫోను ప్లేట్లూ ఇచ్చారు. కానీ ఇవాళ ఆమెను తలచుకునేది ఆ ప్లేట్ల వల్ల కాదు. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి ఆలనాపాలనా లేకుండా ఉన్నదని తెలిసి, 1920వ దశకంలో తన సొంత సంపాదనతో అక్కడ గుడి కట్టించారు. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. దానికోసం పోరాడి ఆ హక్కు సాధించారు. 1952లో ఆమె కన్నుమూస్తే, ఆమె సమాధి కూడా ఆ ఆవరణకు దగ్గరలోనే వెలిసింది. తన పాట కన్నా, ఇంకొకరి పాట కోసం చేసిన పని ఆమెను నిలబెట్టింది.

త్యాగరాజస్వామి నిలిచిన తీరు కూడా అలాంటిదే. ఆయన 1847లో సిద్ధి పొందారు. ఆయన కృతులను వాలాజాపేట వెంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు వంటి శిష్యులు పాడుతూ, రాసిపెడుతూ కాపాడారు. ఆ పైన తమిళ దేశంలో తెలుగు చదవను రాని వాళ్లు కూడా ఆ తెలుగు పాటలను తమిళ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నారు. ఈ విషయం గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక మన పక్క ఊరి కథ. పావగడకు ఉత్తరాన, అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో రాళ్లపల్లి అనే చిన్న పల్లె ఉంది. 1893లో అక్కడ పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కళాశాలలో ముప్పై ఐదేళ్లకు పైగా తెలుగు చెప్పారు. మైసూరులోనే బిడారం కృష్ణప్ప గారి వద్ద సంగీతం నేర్చారు. అంటే మనలాగే సరిహద్దు మనిషి. ఒక కాలు తెలుగులో, ఒక కాలు కన్నడంలో. 1935లో మైసూరులో మొదలైన రేడియోకు ‘ఆకాశవాణి’ అన్న పేరు సూచించినది ఆయనేనని తెలుగువాళ్లు చెబుతారు, నా. కస్తూరి గారని కన్నడంలో చెబుతారు. చూశారా, పేరు దేశమంతా మోగింది, పెట్టిన వారి దగ్గర మాత్రం రెండు మాటలు మిగిలాయి. జ్ఞాపకం అంత విచిత్రమైనది.

రాళ్లపల్లి వారు ఉద్యోగ విరమణ తరువాత తిరుపతి చేరారు. అక్కడ ఆయన ముందున్నది తాళ్లపాక అన్నమాచార్యుల రాగిరేకులు. అన్నమయ్య 1503లో కాలం చేశారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు పాడారని ప్రతీతి. ఆయన వంశం వారు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని ఒక చిన్న అరలో భద్రం చేశారు. దానికంటే గట్టి ఏర్పాటు ఏముంటుంది చెప్పండి? చెదలు తినదు, తడికి చివకదు. పోషించిన రాజులు, వెయ్యేళ్ల గుడి, చెడిపోని లోహం, అన్నీ ఉన్నాయి. అయినా ఏం జరిగింది? నాలుగు వందల ఏళ్లు ఆ పాటల్లో చాలా భాగం ఎవరి నోటా లేకుండా పోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ఆ రేకులు వెలుగులోకి వచ్చినప్పుడు, ప్రతి పాటకూ మాటలున్నాయి, పైన రాగం పేరుంది. ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. పాడి చూపించే శిష్యుడూ మిగలలేదు.

వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఎంతో శ్రమపడి ఆ పాటలను పరిష్కరించి అచ్చు వేయించారు. 1950లో ఆయన పోయాక ఆ బరువు రాళ్లపల్లి వారి మీద పడింది. ఆయన పాఠం చూసి ఊరుకోలేదు. నూరుకు పైగా పాటలకు కొత్తగా స్వరం కట్టి, ఇదిగో ఇలా పాడుకోవచ్చునని లోకం చేతిలో పెట్టారు. అవి అన్నమయ్య నాటి బాణీలు కావు. అయినా గొంతులేని పాటకు మళ్లీ గొంతు వచ్చింది. ఆ తరువాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఆ దారిలో నడిచారు. ఇవాళ మన పల్లెల్లో అన్నమయ్య పాట రాని భజన గుంపు ఉండదు. రాళ్లపల్లి వారికి 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979లో ఆయన పోయారు. ఆయన పేరు చాలామందికి తెలియకపోవచ్చు. ఆయన చేసిన పని మాత్రం ఇంటింటా వినిపిస్తున్నది.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురైన కథ ఒకటి. మనకు ఆగ్నేయంగా చిక్కబళ్లాపుర జిల్లా చింతామణి తాలూకాలో కైవారం ఉంది. అక్కడి నారేయణ యోగి, మన నోట కైవారం తాతయ్య, గాజులమ్ముకుని బతికిన మనిషి. 1726లో పుట్టి నూటపదేళ్లు బతికారని భక్తులు చెబుతారు. తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు, కీర్తనలు చెప్పారు. ఆయనకు రాజు లేడు, రాగిరేకు లేదు. భజన చేసే రైతులున్నారు, తంబూరా పట్టిన బైరాగులున్నారు. వాళ్ల గొంతుల్లోనే పాట తరం నుంచి తరానికి నడిచింది. ఇవాళ గురుపూర్ణిమకు కైవారంలో పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చు వేసుకుని పాడుకుంటారు. అక్షరం కన్నడం, పాట తెలుగు. పాటకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. ఒక పాట నిలవాలంటే రెండు కావాలి. ఒకటి అక్షరం, రెండోది ఇంకొకరి గొంతు. అక్షరం ఒక్కటే ఉంటే పాట చీకటి గదిలో నిద్రపోతుంది. గొంతు ఒక్కటే ఉంటే ఆ గొంతుతోనే పోతుంది. తన పాటను ఇతరుల చేత పాడించగలిగిన వాడే కాలం దాటుతాడు.

ఈ తూకంతో ఇవాళ్టి వాళ్లను తూచి చూద్దాం. బాలమురళీకృష్ణ గారు 2016లో పోయారు. ఆయన కచేరీ రికార్డులు సంగీతం తెలిసిన వాళ్లు దాచుకుంటారు. మనలాంటి పల్లె శ్రోతలకు మాత్రం ఆయన విజయవాడ రేడియో భక్తిరంజని ద్వారా, భద్రాచల రామదాసు కీర్తనల ద్వారా దగ్గరయ్యారు. ఆ వరుసలు ఎవరివో తెలియకుండానే మన రామభజనల్లో పాడుతున్నారు. అవి నిలుస్తాయి.

బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో పోయారు. వేల పాటలు పాడారు. వాటిలో చాలావాటిని కాలం జల్లెడ పడుతుంది, తప్పదు. అయితే ఆయన 1996లో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టి, అదే పద్ధతిలో కన్నడంలో ‘ఎదె తుంబి హాడువెను’ నడిపి, రెండు భాషల పిల్లలను పక్కన నిలబెట్టుకుని, ఈ అక్షరం ఇలా పలకాలమ్మా అని నేర్పారు. ఆ పిల్లలు ఇవాళ పెద్దవాళ్లై పాడుతున్నారు, నేర్పుతున్నారు. ఆయన పేరు నిలుస్తుందని నేను నమ్మకంగా అనడానికి కారణం అదే.

కీరవాణి గారికి ఆస్కార్ వచ్చింది. అది చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా తప్పక ఉంటుంది. కానీ మన పల్లెల్లో యాభై ఏళ్లకు మిగిలేది, 1997లో వచ్చిన అన్నమయ్య సినిమాకు ఆయన చేసిన సంగీతమేనేమో అని నాకు అనిపిస్తుంది. దానికి ఆయనకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. 2025 మార్చిలో మనల్ని విడిచిపోయిన బాలకృష్ణప్రసాద్ గారికి సినిమా వాళ్లకున్నంత ప్రచారం లేదు. వందల అన్నమయ్య పాటలకు ఆయన వరుసలు కట్టి, వేలమందికి నేర్పారు. ఆయన పేరు ఆలస్యంగానైనా పెరిగే పేరు.

ఇంతవరకు పేరున్న వాళ్ల సంగతి. శ్రోతలారా, నా అసలు దిగులు వేరే ఉంది.

మన ఊళ్లలో కురుక్షేత్రమో, సత్యహరిశ్చంద్రో ఆడించే డ్రామా మేష్టరు ఉంటారు. హార్మోనియం ముందు కూర్చుని, చదువు రాని రైతు చేత కూడా రాగం తీసి పద్యం పాడిస్తారు. పెళ్లిలో మంగళహారతి ఎత్తుకునే అవ్వ ఉంటుంది. చెనక్కాయ చేలో కలుపు తీస్తూ పదం అందుకునే అక్క ఉంటుంది. ఉరుములు వాయించే వాళ్లుంటారు. వీళ్లూ ఇవాళ్టి సంగీతజ్ఞులే. వీళ్లలో ఎవరు గుర్తుంటారు?

తిరుమణి, వళ్లూరు వైపు పోయి చూడండి. 2018 నుంచి పదమూడు వేల ఎకరాల్లో సౌరఫలకాలు పరుచుకుని ఉన్నాయి. వాన ఎగ్గొట్టిన ఏడు కూడా గుత్త డబ్బు వస్తుంది. రైతును తప్పుపట్టే నోరు ఎవరికీ లేదు. కానీ చేను లేనప్పుడు చేలో పాడే పాటకు చోటెక్కడ? ఇక ఇంట్లో అవ్వ పాడే హారతిని మనవరాలు వింటుంది, అర్థం కూడా తెలుస్తుంది. తెలుగు అక్షరం రాదు కాబట్టి రాసుకోదు. అన్నమయ్య పాటకు అక్షరం ఉండి గొంతు లేకపోయింది. మన పాటకు గొంతు ఉన్నది, అక్షరం లేదు. ఆ గొంతు కూడా డెబ్బై ఏళ్లు దాటినది.

దీనికి మందు మనకు తెలియనిది కాదు. తమిళ దేశం వాళ్లు త్యాగరాజ కృతికి చేసినది, కైవారం వాళ్లు తాతయ్య కీర్తనకు చేసినది మనమూ చేయవచ్చు. మీ పిల్లకు వచ్చిన కన్నడ అక్షరాల్లోనే ఆ తెలుగు పాట రాయించండి. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే, తలకట్టులో తేడా తప్ప పెద్ద దూరం లేదు. మాట మార్చకుండా, అవ్వ ఎలా పలికితే అలా రాయాలి. చేతిలో ఫోను ఉంది కదా, అందులో గొంతు పట్టండి. అది చాలదు. ఆ పిల్ల చేత ఒక్కసారైనా పాడించండి. రాసిన కాగితం కింద ఊరి పేరు, పాడిన మనిషి పేరు, తేదీ వేయండి.

యాభై ఏళ్లకు ఎవరు గుర్తుంటారు అని కదా అడిగాను. పెద్దవాళ్ల సంగతి లోకం చూసుకుంటుంది. మన వాళ్లలో ఎవరు గుర్తుండాలన్నది మాత్రం లోకం చేతిలో లేదు, మన చేతిలో ఉంది. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దావిడను ఒక పాట అడగండి. ముందు వద్దంటుంది, గొంతు పోయిందంటుంది. కొంచెం ఆగండి, పాడుతుంది.