రాజుగారి గుర్రం, తోవ తప్పిన తోడేలు

అల్లూరి సీతారామరాజు జయంతి జులై 4 దగ్గరపడిందంటే ఆయన మీద ఏదో ఒకటి రాయమని పురమాయింపు వస్తుంది. ఈసారి నా బుర్రలో సినిమా దూరింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ కొమురం భీముడి మీదికి తోడేలును వదిలి, అల్లూరి పాత్ర అయిన రాముడికి గుర్రమిచ్చింది. ఆ రెండూ పోలవరం అడవిలో ఎదురుపడితే?

గుర్రం మనకు ఎక్కువగా ఓడ దిగి వచ్చిన సరుకు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిచ్చాడు. తర్వాత మనుమంచి భట్టు గుర్రాల మీద ఏకంగా ‘హయలక్షణ విలాసమే’ రాశాడు. రెడ్డిరాజులు, గజపతులు, నవాబులు, కుంపిణీ దొరలు... దాటేద్దాం. 1879లో కల్లు మీద వేసిన చిగురుపన్ను, మన్సబుదారు బాధలు పడలేక రంప మన్యం తిరగబడితే, మద్రాసు సర్కారు ఆరు కాల్బలపు పటాలాలతోపాటు గుర్రపు దండునూ దింపింది. మన్యం జ్వరం మాత్రం ఎవరు స్వారీ, ఎవరు కాలినడక అని చూడలేదు.

నాకిష్టమైన ఘట్టం నర్సాపురంలో ఉంది. సీతారామరాజు పినతండ్రి రామకృష్ణంరాజు అక్కడ తహసీల్దారు. కుర్రాణ్ణి టేలర్ హైస్కూల్లో వేస్తే, అతని ధ్యాస పినతండ్రి గుర్రం మీద! దాన్నెక్కి దూరాన కొండల దాకా వెళ్ళి గిరిజనుల కష్టాలు చూసొచ్చేవాడు.

ఆ తోవల్లో భయం తోడేలుతో కాదు. అది అనంతపురం, కర్నూలు మెట్టల్లో మేకల మందల చుట్టూ తిరిగే జీవి. ఇరవై కిలోల ఒళ్ళు, గుర్రం జోలికి రావాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటుంది. గోదావరి కొండల్లో లెక్క పులిది, చిరుతది. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, వీపు వెనకా, ముక్కు ముందూ కాస్త మేర తప్ప దాదాపు చుట్టూ కనిపిస్తుంది. రౌతుకంటే ముందే అది చెవులు రిక్కించి, ముక్కుపుటాలు ఎగరేసి, అడుగు వేయనని మొరాయిస్తుంది. అప్పుడు డొక్కలో మడమతో పొడిచేవాడు ఉత్త తెలివితక్కువవాడు. దౌడు తీయించినా ముప్పే, పారిపోయేదాన్ని తరమడం వేటజంతువు నైజం. కళ్ళెం బిగించి, గుర్రం మొహం అటే ఉంచి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. జీను దిగకూడదు. పొద్దు వాలకముందే ఊరు చేరాలి.

రాజుకు పోలవరంతో అసలు ముడి తర్వాత పడింది. పోలీసుల నిఘాలో ఉన్న అతనికి ఇక్కడి డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ అండగా నిలిచాడు, పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. 1922 ఆగస్టులో ఆ రైతు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరసగా మూడు రోజుల్లో కొట్టాడు.

ఇక్కణ్ణుంచి కథ చెదిరిపోతుంది. పోలవరం పక్క పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. లోపలికి గుర్రంతో కాదు, అనుమతి కాగితంతో వెళ్ళాలి. పోలవరం ప్రాజెక్టు రోడ్డంతా టిప్పర్లు. పోలవరంలో ఇప్పుడు గుర్రం కావాలంటే పెళ్ళి ఊరేగింపుకి అద్దెకు తెచ్చుకోవడమే. డీజేకి బెదిరితే కళ్ళెం ఎవరి చేతిలో ఉండాలో ముందే మాట్లాడుకోండి, పెళ్ళికొడుక్కి మాత్రం ఇవ్వకండి.