జీర్ణయంత్రోద్ధారణము

పాతవస్తువును గూర్చి మన యిండ్లలో తఱచుగా రెండే మాటలు వినవచ్చును: పాఱవేయుడనునది యొకటి, ముట్టవలదనునది రెండవది. మూడవ మార్గమొకటి గలదని కాలిఫోర్నియాలోని స్లాక్ అను శాస్త్రశాల చరిత్ర చూపుచున్నది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు పానోఫ్‌స్కీ పండితుని నాయకత్వమున 1962లో నిర్మాణమారంభించిన యంత్రము 1966లో పనికి వచ్చెను. అది రెండుమైళ్ల పొడవున తిన్నగా సాగిన రాగినాళము. అందు ఎలక్ట్రానులను కాంతివేగమునకు మిక్కిలి చేరువగా పరుగెత్తించి పరమాణుకేంద్రకములపై పడవేయుచుండిరి. ప్రోటాను గర్భమున మఱింత సూక్ష్మకణములు గలవని యచ్చటనే తేలెను. ఆ పరిశోధనకు ఫ్రీడ్‌మన్, కెండాల్, టేలర్ పండితులు 1990లో నోబెల్ బహుమానమందిరి. కాలక్రమమున నింతకంటె బలిష్ఠములైన యంత్రములు పుట్టెను. ఇక నీ రాగినాళమునకేమి గతి?

దాని యుద్ధరణకు మూలమైన యూహయు స్టాన్‌ఫర్డులోనే పుట్టియుండెను. సాధారణ లేసరునందు ఎలక్ట్రానులు పరమాణువులకు కట్టుబడియే కాంతినిచ్చును. జాన్ మేడీ యను యువకుడు 1971లో ఆ కట్టు విప్పెను. ఉత్తరదక్షిణధ్రువములను మార్చి మార్చి పేర్చిన అయస్కాంతముల నడుమ స్వేచ్ఛగా పోవు ఎలక్ట్రానులు పామునడకగా వంకరలు తిరుగుచు కాంతిని వెదజల్లును. ఆ కాంతియే వానిని చిన్నచిన్న గుంపులుగా కూర్చును. గుంపులన్నియు నొక్క లయతో వెలుగగా కాంతి యనేకగుణమై పెరుగును. కోలాటమున నందఱి కోలలు నొక్కమాఱు పడినట్లని మా విద్యార్థులకు చెప్పుచుందుము. 1977లో మేడీ బృందము పరారుణకాంతితో దీనిని చేసి చూపెను.

ఎక్స్‌ కిరణముల కథ వేఱు. అవి సాధారణపుటద్దములకు లొంగవు. ఒక్క పరుగులోనే కాంతి పండవలెను. అందులకు దీర్ఘమైన యంత్రము కావలెను. 1992లో క్లాడియో పెల్లెగ్రీని, స్లాక్ నాళపు తుది మూడవవంతును దీనికై వాడవచ్చునని సూచించెను. సూచన ఫలించుటకు పదునేడేండ్లు పట్టెను. 2009 ఏప్రిలులో 1.5 ఆంగ్‌స్ట్రాముల తరంగదైర్ఘ్యముగల ఎక్స్‌ కిరణములు వెలిగెను. ఈ మెఱుపు తగిలిన స్ఫటికము భస్మమగును. కాని భస్మమగుటకు ముందే దాని రూపము ముద్రితమగును! కిరణజన్యసంయోగమునకు తోడ్పడు ప్రోటీను యొక్క యతిసూక్ష్మస్ఫటికములను 2011లో నిట్లే పరిశీలించిరి.

పిదప నాళపు మొదటి మూడవవంతును తొలగించి, సున్నకు దిగువ 271 డిగ్రీల చలిలో పనిచేయు నియోబియపు యంత్రమును నిలిపిరి. 2023 సెప్టెంబరులో దాని తొలి ఎక్స్‌ కిరణములు వెలువడెను. రాగియంత్రము క్షణమునకు 120 మెఱుపులనిచ్చును. క్రొత్తది పదిలక్షలవఱకు నీయదగినట్లు నిర్మింపబడినది. అయినను తుదిభాగమునందలి రాగియంత్రమును విడువలేదు. దానినుండి వచ్చు మెఱుపులను శాస్త్రజ్ఞులు వాడుకొనుచునే యున్నారు.