నంద్యాల–ఆళ్లగడ్డ సీమలో స్వేచ్ఛా విపణి: కాలువ కంపెనీ నుంచి సీడు పత్తి దాకా

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందేరు పారే నల్లరేగడి లోయలో నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు రెండూ భాగం. పెట్టుబడికి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి, లాభాశకు ఎక్కడ కట్ట వేయాలి అన్న వాదన పుస్తకాలు దాటి ఈ లోయలో పొలాల మీదికే వచ్చింది. 1860లలో కాలువ కంపెనీగా, 1876–78 కరువులో తిండిగింజల వ్యాపారంగా, నిన్న మొన్నటి దశాబ్దాల్లో పత్తి విత్తనంగా వచ్చింది.

కేసీ కాలువ

కర్నూలు–కడప కాలువను జనం కేసీ కాలువ అంటారు. దాన్ని తవ్వించింది ఎవరన్న దగ్గరే కథనాలు రెండుగా చీలతాయి. పడవల రాకపోకల కోసం డచ్చి కంపెనీ తవ్వించిందని కొన్ని పరిచయ వ్యాసాలు రాస్తూ వచ్చాయి. గెజిటీర్లలో, ఆనాటి ప్రభుత్వ పత్రాల్లో కనిపించే పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఇది లండన్‌లో వాటాలు అమ్మి సొమ్ము పోగుచేసిన ఇంగ్లీషు సంస్థ. ప్రభుత్వంతో ఒప్పందాలూ, చివరికి అమ్మకమూ ఆ పేరు మీదే జరిగాయి కనుక రెండో కథనమే నిలుస్తుంది.

తేదీలూ కలవవు. 1863–70 అన్న లెక్క బాగా ప్రచారంలో ఉంది. అయితే 1863 అన్నది కంపెనీకీ ప్రభుత్వానికీ కొత్త ఒప్పందం కుదిరిన ఏడాది. పని అంతకు ముందే, 1860 ప్రాంతంలో మొదలై 1871కి పూర్తయిందన్న గెజిటీర్ల మాట ఎక్కువ సబబుగా ఉంది.

కాలువ వెనక ఉన్న ఊహ చాలా పెద్దది. తుంగభద్ర నీటిని పెన్నా లోయలోకి మళ్లించి నెల్లూరు వైపు సముద్రం దాకా తీసుకుపోవాలి, ఒకే కాలువ సాగుకూ సరకుల పడవలకూ పనికిరావాలి అన్నది సంకల్పం. దీని వెనక ఉన్నది ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆలోచన. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి కొద్ది ఏళ్ల కిందటే పూర్తయింది. గోదావరి డెల్టా పచ్చబడటం చూసినవాళ్లకు తుంగభద్ర మీద అలాంటిదే చేయడం కష్టమనిపించలేదు. ప్రభుత్వ ఖజానా మీద భారం పడకుండా ప్రైవేటు పెట్టుబడితో నీళ్లు పారించవచ్చన్న ఆశ లండన్‌లో పుట్టింది.

ఆ ఆశకు ఒక షరతు తగిలించారు. పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. రైల్వే కంపెనీలకు అప్పటికే ఇస్తున్న పద్ధతే ఇది. నీళ్లు అమ్ముడుపోయినా పోకపోయినా వాటాదారుకు అయిదు శాతం ఖాయం. తగ్గిన మేరకు భారత ఖజానా పూడుస్తుంది, ఆ ఖజానాకు అతి పెద్ద ఆదాయం భూమిశిస్తు. అంటే లాభం వస్తే లండన్‌కు, నష్టం వస్తే రైతుకు. రైల్వే పూచీల గురించి 1872లో పార్లమెంటు కమిటీ ముందు మాజీ ఆర్థిక సభ్యుడు విలియం మాసీ ఇదే దెప్పాడు. వడ్డీ ఖాయమైన మదుపుదారుకు తన డబ్బు హుగ్లీ నదిలో పోసినా, ఇటుకలూ సున్నంగా మార్చినా ఒకటేనన్నది ఆయన సాక్ష్యం సారాంశం.

కర్నూలుకు ఎగువన దాదాపు 27 కిలోమీటర్ల దూరంలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. అక్కణ్ణుంచి కాలువ కర్నూలు దగ్గర హంద్రీని అక్విడక్టు మీద దాటి, మిట్టకందాల దగ్గర కృష్ణా, పెన్నా పరీవాహకాలను విడదీసే మిట్టను కోసుకుని కుందేరు లోయలోకి దిగుతుంది. దారిలో లాకిన్సుల, సంతజూటూరు, రాజోలి, ఆదినిమ్మాయపల్లి కట్టడాలు. మొత్తం పొడవు 306 కిలోమీటర్ల దరిదాపు. ఇంజనీరింగ్ పనిగా దాన్ని తక్కువచేసే వీలు లేదు. లెక్కలే తప్పాయి. పని పూర్తికాకుండానే మూలధనం కరిగిపోయింది. 1866లో ప్రభుత్వమే ఆరు లక్షల పౌండ్లు అప్పివ్వడానికి ఒప్పుకుంది. నెల్లూరు ఊహ కడప దగ్గర ఆగిపోయింది.

కాలువలో నీళ్లు వచ్చాక అసలు చిక్కు ఎదురైంది. కొనేవాళ్లు లేరు. గోదావరి డెల్టా లెక్కను నంద్యాల లోయకు అతికించడంలోనే పొరపాటు జరిగింది. నల్లరేగడి తేమను పట్టి ఉంచే నేల. మామూలు వానకే జొన్న, పత్తి పండుతాయి. ఈ సీమ పత్తికి మద్రాసు వ్యాపారంలో ‘నార్తర్న్స్’ అని ప్రత్యేకంగా పేరుండేది. అలాంటి నేల మీద నీళ్లు ఎక్కువైతే పైరుకే చేటు. నీటి తీరువా కట్టి కాలువ పెట్టుకుంటే కలిసొచ్చేది కరువు ఏడాదిలోనే. వాన పడ్డ ఏడాది రైతు కాలువ వైపు చూడలేదు. ఆనాటి అధికారులు కొందరు దీన్ని రైతు మొండితనంగా, అజ్ఞానంగా రాసుకున్నారు. పత్రాలను ఇప్పుడు తిరగేస్తే, ఈ వ్యవహారం మొత్తంలో సిసలైన మార్కెట్ బుద్ధి చూపింది రైతే అనిపిస్తుంది. సరకు తనకు అక్కర్లేదు, కాబట్టి కొనలేదు. కంపెనీకి ఆ తీర్పు తగలకుండా పూచీ అడ్డుపడింది.

చివరికి 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. కొన్న ధర మీద లెక్కలు కలవకపోయినా మూడు కోట్ల రూపాయల పైచిలుకు అన్న అంకె తరచూ కనిపిస్తుంది. పడవలు కొంతకాలం తిరిగాయి. 1933 తర్వాత పడవల దారి మూసేసి కాలువను సాగుకే ఉంచారని ఎక్కువమంది రాశారు.

ధాత కరువు

కాలువ పూర్తయి అయిదేళ్లు తిరక్కుండానే, ధాత నామ సంవత్సరంలో (1876–77), వానలు ఎగ్గొట్టాయి. మద్రాసు రాజధానిలో అతి దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కల్లో 9,14,432 మంది ఉన్న జిల్లాలో 1881 నాటికి 6,78,551 మంది మిగిలారు. నాలుగో వంతుకు పైగా తగ్గుదల. ఇందులో చావులెన్ని, వలసలెన్ని అన్నది విడదీయడం కష్టం.

ఇక్కడ స్వేచ్ఛా విపణి సిద్ధాంతం ఇంకో ముఖంతో వచ్చింది. మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ 1876 చివర్లో ముప్పై వేల టన్నుల ధాన్యం కొనిపించాడు. వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వానికి అది మింగుడుపడలేదు. సర్కారు ధాన్యం బజారులో దిగితే ప్రైవేటు వ్యాపారి బెదిరి తప్పుకుంటాడని, ధరలు పెరిగితేనే సరకు కరువు సీమకు నడిచొస్తుందని వాళ్ల వాదన. ఖర్చు తగ్గించడానికి 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్‌ను పంపారు. ఇదే టెంపుల్ 1874లో బిహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని కాపాడి, దుబారా చేశాడని తిట్లు తిన్నవాడు. ఈసారి ఆ పేరు రాకుండా చూసుకున్నాడు. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒకటిన్నర పౌండ్ల బరువు ధాన్యం వెల, ఒక అణా ఇస్తుండగా, ధాన్యం వంతును ఒక పౌండుకు కుదించాడు. ఆ తిండితో ఒళ్లొంచి పని చేయలేరని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచక తప్పలేదు.

సిద్ధాంతం కాగితం మీద సవ్యంగానే ఉంది. ధర ఎక్కడ పెరిగితే అక్కడికి గింజలు పోతాయి. కాని పోవడానికి దారి ఉండాలి కదా. మద్రాసు–బొంబాయి రైలు గుత్తి మీదుగా పోయేది. నంద్యాల వైపు అప్పటికి పట్టాలు లేవు. గుత్తి స్టేషన్‌లో దిగిన బస్తాలు బండ్ల మీద లోపలికి రావాలి. బండ్లు లాగే ఎడ్లు మేత లేక చచ్చిపోతున్నాయి. గింజల ధర ఎంత పెరిగినా ఎద్దుకు బలం రాదు. కరువు నేర్పిన పాఠంతోనే కాబోలు, 1880ల చివర్లో నంద్యాల మీదుగా కృష్ణా నది దాకా పోయే రైలు దారిని ప్రభుత్వం తన ఖర్చుతో వేసింది.

కంపెనీ కాలువకు గిరాకీ పెరిగింది ఆ కరువులోనే. వానలు తిరిగొచ్చాక పారకం మళ్లీ కుంచించుకుపోయింది.

లిట్టన్ ప్రభుత్వం ఆడమ్ స్మిత్ పేరుతోనే మాట్లాడింది. తిండిగింజల వ్యాపారంలో సర్కారు జోక్యమే కొరతను క్షామంగా మారుస్తుందని స్మిత్ 1776లో రాసిన మాట నిజమే. అదే పుస్తకంలో ప్రభుత్వ రక్షణలో బతికే గుత్త కంపెనీలను ఆయన ఉతికి ఆరేసిన సంగతి మాత్రం వాళ్లకు గుర్తురాలేదు. ఈ సీమ వరకు స్మిత్ సగమే అమలైంది. మదుపు పెట్టినవాడిని బజారు ఆటుపోట్ల నుంచి కాపాడి, ఆకలిగొన్నవాణ్ణి బజారుకు వదిలేశారు.

బుడ్డా వెంగళరెడ్డి

ధాత కరువుకు పదేళ్ల ముందు, 1866లో, ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడలో ఇంకో రకం జవాబు కనిపిస్తుంది. సంపన్న రైతు బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి నెలల తరబడి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేర బంగారు పతకం అందింది. ఆయన మీద సీమలో పాటలు పుట్టాయి. 1900లో కన్నుమూశాడన్నది దాదాపు అందరూ ఒప్పుకునే మాట, పుట్టిన ఏడాది మీదే పేచీ. రోజుకు ఎంతమంది తిన్నారన్న అంకెలు ఒక కథనానికీ మరో కథనానికీ పెరుగుతూ పోతాయి కనుక వాటిని యథాతథంగా తీసుకోవడం మంచిది కాదు. రెండు కరువుల మధ్య తేడా పదేళ్లే కావడంతో నోటిమాటలో అవి కలిసిపోయే అవకాశమూ ఉంది.

ఆయన ఉదారత మీద అనుమానం అక్కర్లేదు. కాని ఒక ఊరి గాదె ఒక ఊరి చుట్టుపక్కలకే సరిపోతుంది. ధాత కరువు తర్వాత 1880లో రిచర్డ్ స్ట్రేచీ నాయకత్వంలోని క్షామ కమిషన్ కరువు సాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా రాతలో పెట్టింది. ఆ తర్వాత వచ్చిన క్షామ నియమావళికి ఆధారం అదే.

సోనా, శిల్పం

ఇరవయ్యో శతాబ్దంలో కాలువ కింద వరి నిలదొక్కుకుంది. ఇప్పుడు ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు, కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు 39.9 టీఎంసీలు. పాత సుంకేసుల ఆనకట్ట స్థానంలో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట బ్యారేజీ వచ్చింది. నంద్యాల సోనా, కర్నూలు సోనా పేర్లతో ఊరూరా అమ్ముడయ్యే సన్నబియ్యం చాలావరకు బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. 1986లో విడుదలైన ఈ రకాన్ని రూపొందించింది బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం. ప్రజాధనంతో పుట్టిన విత్తనం కనుక రాయల్టీ లేదు. రైతు తన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. మిల్లులూ వ్యాపారులూ బాగా గడించింది దీని మీదే. లాభానికి విత్తనం మీద గుత్తాధికారమే దిక్కు కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దానివల్ల శిల్పి కూలి ఏమైనా పెరిగిందా అన్న దాని మీద రాసినవాళ్లు తక్కువ.

సీడు పత్తి

సంకర పత్తి విత్తనం చేతిపని. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. పొలాల్లో దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్కో పువ్వుకూ ఇదే పని, నెలల తరబడి. 1970లో గుజరాత్‌లో మొదటి వాణిజ్య సంకర పత్తి హెచ్–4 వచ్చాక ఈ సాగు విస్తరించి, 1990ల నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేళ్లూనుకుంది. కంపెనీ నేరుగా రైతుతో మాట్లాడదు, నడుమ ఆర్గనైజర్ ఉంటాడు. గింజ సేకరణ ధర కంపెనీ ముందే కట్టేస్తుంది. మిగతా ఖర్చులు తగ్గేవి కావు, తగ్గించగలిగింది కూలి ఒక్కటే. అందుకే క్రాసింగ్‌కు పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలను పెట్టారు. తల్లిదండ్రులకు ముందే బయానా ముట్టేది. అప్పు తీరేదాకా బడి మాట లేదు. ఇష్టపడి కుదుర్చుకున్న ఒప్పందమే కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. ఒప్పందంలో సంతకం పెట్టినవాళ్లు ఒకరు, పువ్వులు రుద్దినవాళ్లు ఇంకొకరు.

పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు, బాలల హక్కుల సంస్థ ఎం.వీ. ఫౌండేషన్ ఉద్యమం ఈ పిల్లల పని సంగతిని దేశం దాటించాయి. 2000 దశకంలో కొన్ని బహుళజాతి కంపెనీలు పిల్లలను పెట్టని రైతులకు సేకరణ ధర మీద అదనం ఇవ్వడానికి ముందుకొచ్చాయి. బాలకార్మికుల సంఖ్య తగ్గిందన్నదానిపై పెద్దగా వివాదం లేదు. ఎంత తగ్గింది, ఎందువల్ల తగ్గింది అన్న లెక్కలు ఎవరివి వారివి.

విత్తనం కొనే రైతు వైపు పోరు వేరుగా నడిచింది. 2002లో అనుమతి పొందిన జన్యుమార్పిడి బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయల పైనే పలికేది. అందులో 1,250 దాకా జన్యువు యజమానికి పోయే రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి ధరను 750కి దించింది. మరుసటి ఏడాది పత్తి విత్తన ధరల మీద చట్టమే చేసింది. కంపెనీలు పారిపోతాయన్న హెచ్చరికలు అప్పుడు బలంగా వినిపించాయి గాని, బీటీ పత్తి విస్తీర్ణం ఆ తర్వాతే ఎక్కువగా పెరిగింది. 2015 డిసెంబరులో కేంద్రం తెచ్చిన పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు ఏటా గరిష్ఠ ధర ప్రకటిస్తున్నారు. 2016లో రెండో తరం బీటీ రకమైన బోల్‌గార్డ్–2 ప్యాకెట్టుకు 800 రూపాయలు ఉండగా, 2025లో అది 901. ఆ ఉత్తర్వు కట్టడి చేసేది ప్యాకెట్టు అమ్మకం ధరనూ, అందులోని జన్యువు రుసుమునూ. పొలంలో విత్తనం పండించే రైతుకు కంపెనీ ఇచ్చే సేకరణ ధర దాని పరిధిలో లేదు.