తరిగొండ వెంగమాంబ: భక్తిలో దొరికిన చోటు

తరిగొండ వెంగమాంబ (1730–1817) 87 ఏళ్లు బతికింది. చిత్తూరు సీమలోని తరిగొండ పల్లెలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. ఆ కాలపు బాలవితంతువుకి మిగిలేది గుండు, ముతక బట్ట, ఇంటెడు చాకిరీ. వేంకటేశ్వరుడే తన భర్త అంటూ ఆమె శిరోముండనానికి ఒప్పుకోలేదనీ, బొట్టూ పూలూ తీయలేదనీ జీవితకథలు చెబుతాయి.

ఆ కథల నిండా మహిమలే. వాటిని పక్కన పెట్టి ఆమె రాసినవి చూద్దాం: నృసింహ శతకం, యక్షగానాలు, వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, రాజయోగామృతసారం. పాటలతో ఆగకుండా, పండితులు తమదనుకున్న యోగ వేదాంతాల్లోకీ వెళ్లింది. ఇంత రాయడానికి ఏళ్ల తరబడి తీరిక, ఏకాంతం కావాలి. సంసారమూ వైధవ్యమూ కూడా స్త్రీకి ఇవ్వని వాటిని ఆమె తిరుమల కొండమీద భక్తి పేరుతో సంపాదించుకుంది. భక్తిని లొంగుబాటుగా మాత్రమే చూడటం అలవాటైన మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. అయితే ఆ స్వేచ్ఛకీ ఒక భర్త అవసరమయ్యాడు, దేవుడే అయినా సరే. ఆ మాట చెప్పుకోలేని వితంతువులకి ఈ దారి లేదు.

తిరుమల ఏకాంతసేవలో ఆమె పేర హారతి ఇప్పటికీ జరుగుతోంది. 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనానికి 'మాతృశ్రీ' అని చేర్చి ఆమె పేరు పెట్టారు. పిల్లల్లేని కవయిత్రిని అమ్మను చేసి, అన్నం పెట్టే చోట గుర్తుపెట్టుకున్నాం. ఇక ఆమె పుస్తకాలు తెరవాలి.