బస్ స్టాపు నగరానిది, బస్సు ఎవరిది?

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన విధులను పన్నెండో షెడ్యూల్‌లో పేర్కొన్నది. ఆ జాబితాలో 18 అంశాలు ఉన్నాయి. పదిహేడో అంశంలో వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, ప్రజా మరుగుదొడ్లతో పాటు బస్ స్టాపులూ చోటు సంపాదించుకున్నాయి. బస్సులు మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేవు. ప్రయాణికుడు నిలబడే చోటు నగరపాలక సంస్థది. అతడు ఎదురుచూసే వాహనం రాష్ట్ర ప్రభుత్వానిది లేదా ప్రైవేటు యజమానిది. ఆ వాహనం చిక్కుకుపోయే కూడలి ట్రాఫిక్ పోలీసులది. భారతీయ నగరాల్లో సిటీ బస్సు వేళకు రాకపోవడానికి మూలం డ్రైవర్ అలసత్వంలో కన్నా ఈ విభజనలోనే ఎక్కువగా ఉన్నది.

ఆలస్యం ఒకసారి మొదలైతే దానంతట అదే పెరుగుతుంది. ఐదు నిమిషాలు వెనకబడిన బస్సు కోసం స్టాపులో ఎక్కువమంది పోగవుతారు. వారందరూ ఎక్కేసరికి అది మరింత వెనకబడుతుంది. దాని వెనక వచ్చే బస్సుకు జనం తగ్గి, అది ముందుదాన్ని అందుకుంటుంది. అరగంట సేపు ఒక్కటీ రాక, ఆ తర్వాత మూడు ఒకేసారి రావడం వెనక ఉన్న లెక్క ఇదే. దీనిని ఆపాలంటే నిండుగా నడిచే రూట్లలో బస్సుకు ప్రత్యేక దారి, సిగ్నళ్ళలో ప్రాధాన్యం, డిపోలో అదనపు బస్సు, దారి పొడవునా పర్యవేక్షణ ఉండాలి. వీటిలో మొదటి రెండూ నగరం, పోలీసుల చేతుల్లో ఉంటే చివరి రెండూ బస్సులు నడిపేవారి చేతుల్లో ఉంటాయి. వీరిని కలిపే ఒప్పందం లేనప్పుడు ఎవరి పని వారు సవ్యంగా చేసినా బస్సు వేళకు రాదు.

ఈ విభజన మొదటినుంచీ ఉన్నది కాదు. హైదరాబాద్ సంస్థానంలో 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. రైలునూ బస్సునూ ఒకే యాజమాన్యం నడిపిన ఏర్పాటు అది. బొంబాయిలో 1926లో ఒక ప్రైవేటు కంపెనీ ప్రారంభించిన బస్సులను 1947 ఆగస్టులో నగరపాలక సంస్థ తన స్వాధీనంలోకి తెచ్చుకున్నది. అదే ఏడాది ఏప్రిల్‌లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ సొంత బస్సు సర్వీసు ప్రారంభించింది. బొంబాయిలో బస్సు, విద్యుత్తు ఒకే సంస్థ కింద ఉండటంతో కరెంటు మీద వచ్చిన మిగులు దశాబ్దాల పాటు బస్సు నష్టాన్ని పూడ్చింది. రోడ్డు, బస్సు, దాని నష్టం మూడింటికీ ఒకే నగరం జవాబుదారీ అయిన అరుదైన ఏర్పాటు అది.

దేశంలోని మిగిలిన నగరాలలో చాలావాటికి ఆ అవకాశం దక్కలేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు కార్పొరేషన్లు స్థాపించే అధికారం ఇచ్చింది. 1956లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రైవేటు రూట్లను జాతీయం చేసే పద్ధతిని నిర్దేశించింది. 1958 జనవరిలో ఏర్పడిన ఏపీఎస్ఆర్టీసీ కృష్ణా జిల్లా రూట్లను తీసుకోబోగా బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. న్యాయవిద్యార్థులు నేటికీ చదివే గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు అదే. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. విన్నవారే నిర్ణయించాలన్న సహజ న్యాయసూత్రం భంగమైందని కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ముఖ్యమంత్రి స్వయంగా వాదనలు విన్న తర్వాత, 1959లో రెండోసారి వచ్చిన వివాదంలో ప్రభుత్వం గెలిచింది. బస్సు రాజ్యానిదా, యజమానిదా అన్నదే ఆనాటి పోరాటం. ఆ బస్సు నడిచే పట్టణానికి అందులో ఏ హక్కు, ఏ బాధ్యత ఉండాలన్న ప్రశ్న ఆ పోరులో కేంద్రం కాలేదు.

జాతీయీకరణకు విరుగుడుగా వచ్చిన ప్రైవేటీకరణ కూడా ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. ఢిల్లీలో 1992లో ప్రైవేటు బస్సులకు విస్తృతంగా పర్మిట్లు ఇచ్చారు. రెడ్‌లైన్‌గా మొదలై ప్రమాదాలతో అపకీర్తి పాలైన ఆ వ్యవస్థ తర్వాత బ్లూలైన్‌గా పేరు మార్చుకున్నది. ఎక్కువ బస్సులు విడివిడి యజమానులవి. సిబ్బంది సంపాదన ఆ రోజు వసూలైన టికెట్ల మీద ఆధారపడేది. అందుకే నిండేదాకా స్టాపులో ఆగడం, వెనక మరో బస్సు కనబడగానే పందెం వేయడం రివాజు అయ్యాయి. చక్రాల కింద పడినవారి ప్రాణాలతో నగరం దానికి మూల్యం చెల్లించింది. 2011లో మొదలైన క్లస్టర్ విధానం ఆ లెక్కను మార్చింది. టికెట్ డబ్బు ప్రభుత్వానికి, ఆపరేటర్‌కు కిలోమీటరు చొప్పున చెల్లింపు, జీపీఎస్ నిఘా దాని ప్రధాన సూత్రాలు. బస్సుల మధ్య పందేనికి ఉన్న ఆర్థిక కారణం దానితో తొలగిపోయింది.

నగరమే ముందుకు వచ్చిన ఉదాహరణ ఇందౌర్. 2005 డిసెంబరులో అక్కడి నగరపాలక సంస్థ, అభివృద్ధి ప్రాధికార సంస్థ కలిసి ఒక కంపెనీ పెట్టాయి. రూటు, వేళలు, చార్జీ నిర్ణయించేది కంపెనీ. బస్సులు కొని నడిపేది ప్రైవేటు ఆపరేటర్లు. 2009లో అహ్మదాబాద్ జన్‌మార్గ్ మరో అడుగు వేసింది. ఆపరేటర్‌కు కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తూనే, రోడ్డు మధ్యలో బస్సుకు ప్రత్యేక దారిని నగరమే నిర్మించింది. వేళ పాటించమని ఆపరేటర్‌ను అడిగే ముందు, పాటించడానికి వీలైన దారి ఇవ్వడం నగరం కర్తవ్యమన్న గుర్తింపు అందులో ఉన్నది. అటువంటి నిధులతోనే విశాఖపట్నం, విజయవాడల్లోనూ బీఆర్‌టీఎస్ రోడ్లు వేశారు. రోడ్డు నగరానిది, బస్సు ఆర్టీసీది. విజయవాడలో ఈనాడు బీఆర్‌టీఎస్ అంటే ఒక వీధి పేరు.

లండన్‌లో ఈ బంధం మరింత సూక్ష్మమైనది. అక్కడ 2001 నుంచి ఒప్పందాలలో ఆపరేటర్‌కు బహుమానం గానీ, కోత గానీ నిండుగా నడిచే రూట్లలో ప్రయాణికుడు అదనంగా ఎంతసేపు నిలబడ్డాడన్న కొలత మీద ఉంటుంది. మన ఒప్పందాలు ప్రధానంగా కిలోమీటర్లను కొలుస్తాయి. కిలోమీటర్లు లెక్కించే ఒప్పందంలో తప్పిన ట్రిప్పుకు జరిమానా పడవచ్చు కానీ, వెంటవెంటనే వచ్చిన మూడు బస్సులకూ పూర్తి సొమ్మే ముడుతుంది.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పెద్ద నగరాలన్నింటికీ ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థ ఉండాలని సూచించింది. 2009లో కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద 15 వేలకు పైగా బస్సులు మంజూరు చేస్తూ ఇటువంటి సంస్కరణలనే కోరింది. బస్సులు వచ్చాయి. సంస్థలు చాలాచోట్ల కాగితం మీద ఏర్పడి, బడ్జెట్టూ అధికారమూ లేక సమీక్షా సమావేశాలకు పరిమితమయ్యాయి. రూట్ల మీద పట్టు వదులుకోవడానికి ఏ రాష్ట్ర రవాణా శాఖకూ రాజకీయ కారణం లేదు. నష్టం నెత్తిన వేసుకోవడానికి ఏ మేయర్‌కూ ఖజానా లేదు.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో రావాలి. నగరాలు చెల్లింపులు ఎగవేస్తాయన్న ఆపరేటర్ల భయానికి 2024లో పరిష్కారం కూడా దొరికింది. బకాయి పడితే ముందు ఒక నిధి నుంచి చెల్లించి, ఆ మొత్తాన్ని రాష్ట్రం నుంచి రాబట్టే ఏర్పాటు అది. పెట్టుబడికి ఆ రక్షణ అవసరమే. అయితే ఉదయం ఆరింటికి పాచి పనికి వెళ్ళే మహిళ బస్సు రాక ఆలస్యమైతే ఆమె పోగొట్టుకునే ఇంటి పనికి, కూలీ కోల్పోయే పూటకు ఏ నిధీ హామీ ఇవ్వదు. ఒప్పందంలో ఆమె సంతకం ఉండదు. ఆమె తరఫున సంతకం చేయగల సంస్థ ఆమె ఓటు వేసే నగరపాలక సంస్థే. ఏడు దశాబ్దాలుగా దానికి దక్కింది బస్ స్టాపు మాత్రమే.