మరమనిషి కాదు, మరచేయి

నా ఎడమ దవడ కింద, మెడ మడతలో, మూడంగుళాల మచ్చ ఒకటుంది. చాలా ఏళ్ళ కిందట అక్కడి లాలాజల గ్రంథిలో రాయి చేరి, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా దవడ ఉబ్బుతుంటే, గ్రంథినే తీసివేసిన గుర్తు అది. అదే శస్త్రచికిత్సను ఇప్పుడు మెడమీద మచ్చ పడకుండా రోబోతో చేస్తున్నారని ఈమధ్య చదివి, మొదట కాస్త అసూయపడ్డాను. తరువాత నా మచ్చ పూర్వాపరాలు వెతకనారంభించాను.

ఆ గ్రంథి నుండి నాలుక కిందికి వచ్చే నాళాన్ని 1656లో లండన్ వైద్యుడు థామస్ వార్టన్ వర్ణించాడు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకొంటున్న డేనిష్ యువకుడు నీల్స్ స్టెన్సెన్ గొర్రెతలను కోసి పరిశీలిస్తూ, గవదబిళ్ళలప్పుడు వాచే పెరోటిడ్ గ్రంథి నాళాన్ని కనుగొన్నాడు. ముఖ కండరాల కదలికకూ ముఖనాడికీ గల సంబంధాన్ని చార్లెస్ బెల్ వివరించింది 1821లో. ఆ నాడి కొమ్మ ఒకటి, దారమంత సన్ననిది, దవడ అంచు వెంబడే పోతుంది. అది తెగితే కింది పెదవి ఒక పక్క కదలదు, నవ్వు వంకరపోతుంది. అందుకే కోతను దవడకు రెండు వేళ్ళ కిందికి దించారు. నా మచ్చ అక్కడుండడం నిర్లక్ష్యం కాదు, నా నవ్వును కాపాడిన జాగ్రత్త!

ఇక రోబో సంగతి. 1920లో కారెల్ చాపెక్ నాటకంతో లోకానికెక్కిన ఈ మాటకు మూలం చెక్ భాషలోని 'రొబోటా', అనగా వెట్టిచాకిరీ. 1985లో ప్యూమా అనే కర్మాగారపు యంత్రం మెదడులోకి సూదిని గురిపెట్టడంలో వైద్యులకు తోడ్పడింది. 2000లో డావిన్సీ యంత్రానికి అమెరికాలో అనుమతి లభించింది. 2001 సెప్టెంబరు 7న ఝాక్ మారెస్కో న్యూయార్కులో కూర్చొని, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని జ్యూస్ అనే యంత్రంతో తొలగించాడు. 2009లో నోటిగుండా గొంతులో చేసే చికిత్సలకూ డావిన్సీకి అనుమతి వచ్చింది. ఆ తరువాతి దశాబ్దంలో సియోల్ వైద్యులు చెవి వెనుక, జుట్టు మాటున కోత పెట్టి, చర్మం కింద దారి చేసి, ఆ దారిన కెమెరానూ పనిముట్లనూ పంపి నావంటి గ్రంథులను తీయసాగారు.

మనం రోబోను మరమనిషి అంటున్నాము. ఇక్కడ మాత్రం అది మనిషి కాదు, మరచేయి. కొద్దిదూరంలో తెరముందు కూర్చున్న వైద్యుని వేళ్ళు కదిలితేనే అది కదులుతుంది. చేతివణుకును వడగడుతుంది, మణికట్టుకు సాధ్యంకాని ఒంపులు తిరుగుతుంది. కానీ నరమేదో, నాళమేదో పోల్చుకోవలసినది మనిషే. పైగా చాలాకాలం ఆ చేతికి స్పర్శ లేదు. 2024లో అనుమతి పొందిన డావిన్సీ 5తో గాని లాగుడు బలం వైద్యుని వేళ్ళకు తెలియరాలేదు. ఖర్చు ఎక్కువ, సమయమూ ఎక్కువే. చర్మాన్ని ఇంకా విశాలంగా లేపాలి.

మచ్చ చోటు మారింది. నరం చోటు మారలేదు. మెడమీది మచ్చ వల్ల నలుగురిలో తలవంచుకొనేవారికి ఈ మార్పు చిన్నది కాదు. నా అసూయ మాత్రం తీరింది. అద్దంలో నా మచ్చను చూసుకొని ఒకసారి నవ్వాను. నవ్వు వంకరపోలేదు.